గోదావరి డెల్టాలో నడక ఉపకరణాలు: పంపిణీతో పాటు కొలత, శిక్షణ, మరమ్మతు ముఖ్యం

రాజమహేంద్రవరం: ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రాన్ని చేరే డెల్టా ప్రాంతంలో నిత్యజీవనం నీటితో పెనవేసుకొని ఉన్నది. కాలువ రేవుల మెట్లు, వర్షాకాలపు బురద గట్లు, లంక గ్రామాలకు చేర్చే పంటులు, స్నానఘట్టాలు ఇక్కడి వృద్ధులకు, విభిన్న ప్రతిభావంతులకు తప్పని దారులు. ఈ ప్రాంతంలో చేతికర్ర, ఊతకర్రలు, వాకర్, చక్రాల కుర్చీ వంటి ఉపకరణాలను అందజేయడం ఒక ఎత్తు కాగా, అవి మనిషికీ, అతడు నడిచే నేలకూ సరిపోయేటట్లు చూడడం మరొక ఎత్తు.

ఆవశ్యకత

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 6,84,000 మంది జారిపడడం వలన మరణిస్తున్నారు. వీరిలో 60 ఏళ్లు దాటినవారే అధికం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు నిండినవారు 10.38 కోట్లు, వైకల్యం గలవారు 2.68 కోట్లు. ఒకసారి పడినవారు భయంతో బయటకు వెళ్లడం మానివేస్తారు. కదలిక తగ్గిన కొద్దీ కండరాలు బలహీనపడి మరల పడే ప్రమాదం పెరుగుతుంది. సరియైన ఉపకరణం ఈ వలయాన్ని ఛేదించగలదు.

పథకాలు

విభిన్న ప్రతిభావంతులకు ఉపకరణాల కొనుగోలులో సహాయం అందించే కేంద్ర ప్రభుత్వ ‘అడిప్’ పథకం 1981 నుండి అమలులో ఉన్నది. 40 శాతం వైకల్య ధ్రువీకరణ, ఆదాయ పరిమితి దీనికి ప్రాతిపదికలు. రాష్ట్రంలో వైకల్య నిర్ధారణ సదరం శిబిరాల ద్వారా జరుగుతుంది. పేద వయోవృద్ధులకు ఉచితంగా ఉపకరణాలు అందించే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ప్రారంభమైనది. ఈ ఉపకరణాలను ప్రధానంగా 1972లో కాన్పూర్‌లో నెలకొల్పిన ప్రభుత్వ రంగ సంస్థ ‘అలిమ్‌కో’ సమకూరుస్తున్నది.

కొలత, వాడుక

నిటారుగా నిలిచి చేతిని వదులుగా వ్రేలాడవేసినపుడు మణికట్టు మడత ఉండే ఎత్తే చేతికర్రకు సరియైన ఎత్తు. పాదరక్షలు లేకుండా తిరిగే అలవాటు గలవారికి ఆ విధంగానే కొలత తీయవలసి ఉంటుంది. కర్రను బలహీనమైన కాలికి ఎదురు వైపు చేతితో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటపుడు బలమైన కాలు ముందు వేయాలి. దిగేటపుడు కర్ర, బలహీనమైన కాలు ముందు ఉండాలి. ఊతకర్రల పైభాగం చంకకు రెండు మూడు వేళ్లు దిగువన ఉండి, బరువు అరచేతులపై పడాలి. చంకపై బరువు మోపినచో నరాలు నొక్కుకొని చేతులు తిమ్మిరెక్కుతాయి. వాకర్ ఇచ్చేముందు ఇంటి గుమ్మం వెడల్పు తెలుసుకొనుట మంచిది.

డెల్టా నేలకు తగినట్లు

తడి గచ్చుపై కర్రను జారనీయకుండా ఆపేది దాని అడుగున ఉండే రబ్బరు తొడుగు మాత్రమే. అది అరిగినచో వెంటనే మార్చవలెను. చక్రాల కుర్చీ ముందరి చిన్న చక్రాలు బురదలో దిగబడతాయి కనుక గట్ల రోడ్ల వెంబడి దూరం వెళ్లేవారికి చేతితో నడిపే మూడు చక్రాల సైకిల్ అనుకూలం. 1968 ప్రాంతంలో శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె.సేథీ రూపొందించిన జైపూర్ కాలు పొలం పనులకు ఉపయుక్తమైనది. దానిని ధరించినవారు బూటు లేకుండా తడి నేలపై నడవగలరు, గొంతుకు కూర్చోగలరు.

బహిరంగ ప్రదేశాలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాలు, రవాణా సదుపాయాలు అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించినది. వాలుదారికి ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ప్రమాణం. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో పలువురు యాత్రికులు మృతి చెందిన విషయం విదితమే. 2027 పుష్కర సంవత్సరం. జనసమ్మర్దంలో ముందుగా తూలిపోయేది కర్ర ఊతతో నిలిచినవారే కనుక చేతికడ్డీలు, వాలుదారులు, ప్రత్యేక మార్గాలు ఘాట్ల నిర్మాణ ప్రణాళికలోనే చేరవలసి ఉన్నది.

ఎన్ని ఉపకరణాలు పంపిణీ అయినవన్న లెక్క ప్రతి శిబిరం తరువాత వెలువడుతుంది. ఆరు మాసాల అనంతరం వాటిలో ఎన్ని వాడుకలో ఉన్నవి, అరిగిన తొడుగులు, విరిగిన చక్రాలు ఎక్కడ బాగుచేయబడుచున్నవి అన్న వివరాలను అధికారులు నమోదు చేయుట, పాత్రికేయులు అడిగి తెలుసుకొనుట అవసరం. మూలన పడిన చక్రాల కుర్చీ పంపిణీ లెక్కలో కనిపించవచ్చును గాని, దాని యజమానిని గడప దాటించజాలదు.