గొంతే పెట్టుబడి

మిమిక్రీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కాలేజీ డే ఫంక్షన్. ఒక డాన్సుకీ ఇంకో డాన్సుకీ మధ్య డ్రెస్సులు మార్చుకునేంతలో ఎవరో సీనియర్ స్టేజీ ఎక్కి చిరంజీవి, బాలకృష్ణ, బ్రహ్మానందం గొంతులు వరసబెట్టి దంచేస్తాడు. జనం ఈలలేస్తారు. అంతే. దాన్ని కళ అంటే నవ్వేవాళ్లున్నారు. "ఉన్నదాన్ని కాపీ కొట్టడం కళెట్లా అవుతుంది బాస్?" అని మా ఆఫీసు క్యాంటీన్లో ఒకాయన అడగనే అడిగాడు. అడిగింది స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి కోడ్ ఎత్తుకొచ్చి రిలీజులు చేసే మనిషి. అది వేరే సంగతిలెండి :)

ఆ ప్రశ్నకి నా జవాబు కాస్త పొడుగు. అది మా వరంగల్ మనిషి దగ్గర మొదలవుతుంది.

నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932 డిసెంబర్ 28న వరంగల్ మట్టెవాడలో పుట్టారు. 2018 జూన్ 19న వరంగల్‌లోనే పోయారు. ఈ రెండు తేదీల మధ్య ఐక్యరాజ్యసమితి ఉంది, శాసనమండలి ఉంది, 2001లో పద్మశ్రీ ఉంది. ఇవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలే. నాకు ఆసక్తి వాటి మీద లేదు. గురువు, పరంపర, ట్రూపు, సినిమా కంపెనీ కాంట్రాక్టు లాంటివేవీ లేకుండా, ఒక జిల్లా కేంద్రంలో కూర్చుని ఒక మనిషి ఒక కళని ఎట్లా పెంచాడు, పెంచుతూ తనెట్లా పెరిగాడు? నా కుతూహలమంతా ఇక్కడే.

ఆయన ప్రదర్శనలు మొదలుపెట్టింది 1947లో. ఆ సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఆగస్టు 15న ఢిల్లీలో జెండా ఎగిరింది గానీ వరంగల్ నిజాం రాజ్యంలోనే ఉంది. ఒకపక్క రజాకార్లు, ఒకపక్క సాయుధ పోరాటం. మాకు స్వతంత్రం అన్నది తెలిసింది 1948 సెప్టెంబర్‌లో. అట్లాంటి రోజుల్లో పదిహేనేళ్లు కూడా నిండని పిల్లాడు గొంతులు అనుకరిస్తూ జనం ముందుకొచ్చాడు.

ఇంకో సంగతి కూడా చూడాలి. అప్పటి వరంగల్‌లో ఒక పిల్లాడి చెవిలో ఎన్ని భాషలు పడేవో! సర్కారు, కచేరీ, చదువు అన్నీ ఉర్దూ. ఇంట్లో, బజార్లో తెలంగాణ తెలుగు. సినిమా హాల్లో మద్రాసులో తయారై వచ్చిన తెలుగు, అది మన వీధి తెలుగు కాదు. వేణుమాధవ్ గారికి చిత్తూరు నాగయ్య గారంటే ఆరాధన. నాగయ్య పోతనగా వేసిన 'భక్త పోతన' వచ్చింది 1943లో. పోతనదేమో మా జిల్లా బమ్మెర, ఆయన వేషం కట్టిందేమో చిత్తూరు పేరు మోసిన నాగయ్య. మట్టెవాడ పిల్లాడు నాగయ్య గొంతు పలకాలంటే ముందు తనది కాని ఒక తెలుగుని పట్టుకోవాలి. తర్వాతి కాలంలో ఆయన తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, తమిళాల్లో ప్రదర్శనలిచ్చారంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. యాసలు కలగలిసిన ఊళ్లో పెరిగితే చెవి దానంతటదే పదునెక్కుతుంది. హాస్టల్లో శ్రీకాకుళం, కర్నూలు, ఆదిలాబాద్ రూమ్మేట్లతో నాలుగేళ్లు గడిపినవాళ్లకి ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర అనుకరణ అంతకుముందు లేదా అంటే, బోలెడంత ఉంది. పగటివేషగాళ్లున్నారు. తుపాకి రాముడున్నాడు, అదే పిట్టల దొర. నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ, నోట్లో ఇంగ్లీషూ ఉర్దూ కలిపిన కోతలు. నన్నడిగితే అంతకన్నా మంచి స్టాండప్ కామెడీ ఇప్పటిదాకా రాలేదు. కానీ ఆ కళలకి ఒక ఏర్పాటుంది. ఫలానా కులంవాళ్లు ఆడాలి, ఫలానా ఇళ్లవాళ్లు ఇవ్వాలి. వేణుమాధవ్ గారి తరంవాడే, ఉమ్మడి వరంగల్ జిల్లా మనిషే, ఒగ్గుకథ చుక్క సత్తయ్య గారు. గొప్ప కళాకారుడు. ఆయన వెనక మల్లన్న కథ ఉంది, బీరప్ప కథ ఉంది, డోలు ఉంది, వంతపాడే బృందం ఉంది, ఆ కథలు తమవి అనుకునే జనం ఉన్నారు. సత్తయ్య గారు కూడా తనకొచ్చినదాన్ని ఎంతో మార్చి పెంచినవాడే, సందేహం లేదు. అయితే ఆయన దగ్గర మార్చడానికి ముందే ఒకటంటూ ఉంది. వేణుమాధవ్ గారి దగ్గర గొంతు తప్ప ఏమీ లేదు. ఏది చెయ్యాలి, ఎంతసేపు చెయ్యాలి, బాగుందని ఎట్లా తెలుస్తుంది, అన్నీ ఆయనే తేల్చుకోవాలి. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటే లేని ప్రాజెక్టు.

అమెరికాలో మెల్ బ్లాంక్ అని ఒకాయన ఉండేవాడు, 1989లో పోయాడు. బగ్స్ బన్నీ, డాఫీ డక్, పోర్కీ పిగ్, అన్నీ ఆయన గొంతులే. వెయ్యి గొంతుల మనిషి అనేవాళ్లు. కానీ ఆయన వెనక వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఉంది, రికార్డింగ్ థియేటరుంది, సరిగా రాకపోతే ఇంకో టేక్ ఉంది. పైగా ఆయన గొంతుకి ముఖం బొమ్మ ఇచ్చేది. మన వేణుమాధవ్ గారి గొంతుకి ముఖం ప్రేక్షకుడి తలకాయలో తయారవ్వాలి.

ఇప్పుడు కాస్త టెక్నికల్ విషయం. ఓపిక పట్టండి, రెండు పేరాలే.

మనిషి గొంతులో రెండు భాగాలుంటాయి. స్వరపేటికలో తంత్రులు కంపించి ఒక శబ్దం పుట్టిస్తాయి. మగవాళ్లలో సెకనుకి సుమారు 120 సార్లు, ఆడవాళ్లలో 200 పైచిలుకు. ఆ శబ్దం గొంతు, నోరు, ముక్కు దారుల్లోంచి వస్తూ రంగు మార్చుకుంటుంది. ఆ దారి పెద్ద మగమనిషిలో 17 సెంటీమీటర్ల పొడవుంటుంది. మొదటిదాన్ని మార్చుకోవడం ఎవరికైనా కొంత చేతనవుతుంది. రెండోది మాత్రం పుట్టుకతో వచ్చిన హార్డ్‌వేర్. నాలుక, పెదాలు, దవడ కదిపి కొంత సర్దుకోవచ్చు గానీ ఎముకలు మార్చలేం కదా. అందుకే మిమిక్రీ కళాకారుల గొంతుని, అసలు మనిషి గొంతుని యంత్రంలో పెట్టి పోల్చి చూస్తే శ్రుతి, వేగం, విరుపు బాగా దగ్గరికొస్తాయి, మిగతావి అంతంత మాత్రమే. అయినా మనం "అచ్చం అట్లనే ఉంది" అని చప్పట్లు కొడతాం.

ఎందుకంటే అనుకరించేవాడు మొత్తం కాపీ చెయ్యడు. ఎంచుకుంటాడు. ఆ మనిషి మాట మధ్యలో ఎక్కడ ఆగుతాడు, ఏ అక్షరం మీద బరువేస్తాడు, వాక్యం చివర గొంతు జారవిడుస్తాడా ఎగరేస్తాడా, ఇట్లాంటి నాలుగైదు గుర్తులు పట్టుకుని మిగతాది మన జ్ఞాపకానికి వదిలేస్తాడు. కార్టూనిస్టు నాలుగు గీతల్లో నెహ్రూని దింపినట్టు. ఆ నాలుగు గీతలేవో కనిపెట్టడమే అసలు పని. క్యాంటీన్ మిత్రుడికి నా జవాబులో సగం ఇదే.

ఆ గుర్తులు పట్టుకోవడానికి ఆ రోజుల్లో ఉన్న సాధనమేంటి? యూట్యూబ్ లేదు, రివైండ్ బటన్ లేదు. క్యాసెట్ అన్నదే 1963లో పుట్టింది, మన ఊళ్ల ఇళ్లల్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఒక డైలాగు మళ్లీ వినాలంటే మళ్లీ టికెట్ కొనాలి, మొదటి రీలు నుంచి కూర్చోవాలి, ఆ సీను వచ్చినప్పుడు చెవులు రిక్కించాలి. ఇంటికొచ్చేదాకా దాన్ని బుర్రలో మోసుకు రావాలి. సినిమా మారిపోతే అంతే సంగతులు.

మరి తిండి? ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆయన బడిపంతులుగా ఉద్యోగం చేశారు. కళకోసం ఉద్యోగం వదిలేయాలి, రాజీనామా లెటర్ మొహాన కొట్టాలి అని ఈమధ్య మనవాళ్లలో ఒక రొమాంటిక్ ఐడియా పాకింది. నాకది ఎప్పుడూ నమ్మశక్యంగా అనిపించదు. మిమిక్రీకి రేటు కార్డు లేని కాలమది. సభలో రెండు ఉపన్యాసాల మధ్య ఖాళీకి పిలిచేవాళ్లు, ఉత్సవాల్లో పిలిచేవాళ్లు. దాన్నే నమ్ముకుంటే పిలిచినవాడు అడిగిందే చెయ్యాలి, నిరుడు చప్పట్లు పడిందే ఈ ఏడూ చెయ్యాలి. నెల జీతం ఉన్నవాడు ఈసారి కొత్తది పెట్టి చూడొచ్చు, పేలకపోతే నష్టం ఒక సాయంత్రం. స్వతంత్ర కళాకారుడు అంటే ఉద్యోగం లేనివాడని కాదు, అడిగిందే చెయ్యాల్సిన అగత్యం లేనివాడని నా లెక్క. పైగా బడి కన్నా మంచి టెస్టింగ్ ఎన్విరాన్‌మెంట్ ఏముంటుంది? నచ్చకపోతే ముఖం మీదే చెప్పేస్తారు పిల్లలు.

పెట్టిన కొత్తది కూడా మామూలుది కాదు. సినిమా నటుల గొంతులతో ఆగిపోయి ఉంటే ఆయన పేరు వరంగల్ దాటేది కాదేమో. మనుషుల గొంతుల నుంచి సీన్లకి వెళ్లారు. 1956 నాటి 'టెన్ కమాండ్‌మెంట్స్', 1969 నాటి 'మెకన్నాస్ గోల్డ్', ఈ సినిమాల ఘట్టాలు స్టేజీ మీద ఒక్క మైకు ముందు నిలబడి నోటితో చేసేవారు. మెకన్నాస్ గోల్డ్ చివరి సీను చూసినవాళ్లకి తెలుసు. గుర్రాలు, తుపాకులు, బంగారం కోసం కొట్లాట, భూకంపం, కొండలు విరిగిపడటం. మా బాపు చిన్నప్పుడు ఈ ఐటెం చూశాడట. "కండ్లు మూసుకుంటే సినిమా, తెరిస్తే సూటేసుకున్న ఒక్క మనిషి" అంటాడు ఇప్పటికీ.

ఇందులో ఒక చిక్కుంది, ఆలోచించండి. సినిమాలో ఆ శబ్దాలన్నీ ఒకేసారి వస్తాయి. మనిషి నోరు ఒక్కటే, ఒక క్షణంలో ఒక్క శబ్దమే వస్తుంది. మరి గుర్రం డెక్కలు ఆగకుండానే తుపాకి ఎట్లా పేలింది? పేలలేదు. డెక్కల్ని అర సెకను ఆపి, తుపాకి పేల్చి, మళ్లీ డెక్కల్లోకి వస్తే మన చెవి ఆ ఖాళీని తనే పూడ్చుకుంటుంది, గుర్రం పరుగెత్తుతూనే ఉందనుకుంటుంది. సింగిల్ కోర్ ప్రాసెసర్ మీద పది ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నట్టు కనిపించే కిటుకు ఇదే, కాంటెక్స్ట్ స్విచింగ్. ఎప్పుడు దేన్ని ఆపాలి, ఎంతసేపు ఆపితే జనం పట్టుకోరు, ఏ శబ్దం రాగానే ముందుది మరిచిపోతారు, ఈ లెక్కలు ఏ సినిమాలోనూ దొరకవు. అక్కడ కాపీ కొట్టడానికి ఏమీ లేదు. కొత్తగా కూర్చాల్సిందే. క్యాంటీన్ మిత్రుడికి మిగతా సగం జవాబు ఇది.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు శాసనమండలికి నామినేట్ అయి 1972 నుంచి 78 దాకా ఎమ్మెల్సీగా ఉన్నారు. 1977లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది. జనం అప్పటికే 'ధ్వన్యనుకరణ సమ్రాట్' అని పిలుస్తున్నారు. ఈ బిరుదులో సమ్రాట్ కన్నా ముందున్న మాట ముఖ్యం అనిపిస్తుంది నాకు. మిమిక్రీ అంటే ఐటెం, ధ్వన్యనుకరణ అంటే శాస్త్రం. పేరు పెట్టాక గదా ఏ విద్యకైనా పుస్తకం, పాఠం, పరీక్ష వచ్చేది. 'మిమిక్రీ కళ' అని ఆయనే పుస్తకం రాశారు. తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి డిప్లొమా కోర్సు వచ్చింది. గురువు లేకుండా నేర్చుకున్నవాడి విద్యకి సిలబస్ వచ్చిందన్నమాట.

సిలబస్ వస్తే మంచిదేనా అన్నది నాకు తేలని విషయం. ఆయన తర్వాత వచ్చిన వందల మంది మిమిక్రీ కళాకారుల్లో ఎక్కువమంది ఆయన మొదటి మెట్టు దగ్గరే ఆగారు. క్యాసెట్లొచ్చాయి, టీవీలొచ్చాయి, హీరోల గొంతులకి గిరాకీ పెరిగింది, జనం అడిగింది అదే. శబ్దాలతో సీను కట్టే పనికి అంత గిరాకీ లేకపోయింది. వాళ్లని తప్పుపట్టను, ఈ పని మీదే ఇల్లు గడవాలంటే అడిగిందే అమ్మాలి.

ఇప్పుడు ఆ మొదటి మెట్టు మీదకి మనవాళ్లే వచ్చి కూర్చున్నారు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్లు వాల్-ఈ అని ఒక మోడల్ గురించి చెప్పారు, 3 సెకన్ల శాంపిల్ ఇస్తే ఆ గొంతుతో మాట్లాడుతుంది. మరుసటి ఏడాది ఓపెన్ఏఐ వాళ్లు 15 సెకన్ల శాంపిల్‌తో పనిచేసేదొకటి చూపించి, దుర్వినియోగం భయంతో అందరికీ వదలకుండా ఆపారు. మనిషి మార్చుకోలేని ఆ 17 సెంటీమీటర్ల దారి కూడా అందులో లెక్కలోకి వచ్చేస్తుంది. అంటే అచ్చుగుద్దినట్టు గొంతు దింపడమే పనైతే ఆ పని అయిపోయింది. పెళ్లిళ్లలో, ఈవెంట్లలో హీరోల గొంతులు చేసి బతికే కుర్రాళ్లు మన ఊళ్లల్లో ఎంతోమంది ఉన్నారు, వాళ్ల కడుపు మీద పడే దెబ్బ ఇది. ఆ దెబ్బ కొట్టే కోడ్ రాస్తున్నదీ మన క్యూబికల్స్‌లోని వాళ్లే.

వేణుమాధవ్ గారి పాత వీడియోలు కొన్ని నెట్‌లో ఉన్నాయి. నేనీమధ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నాను. శబ్దాల కన్నా వాటి మధ్య ఖాళీలు వినండి, అక్కడ ఆయన ఊపిరి పీల్చుకోవడం దొరుకుతుందేమో చూడండి. నాకైతే చాలా చోట్ల దొరకలేదు.

హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరు మీద కళాప్రాంగణం ఉంది. డిసెంబర్ 28ని మావాళ్లు ప్రపంచ మిమిక్రీ దినోత్సవంగా జరుపుతారు. ఆ రోజుల్లో మీరు ఊళ్లో ఉంటే ఒక సాయంత్రం అటు వెళ్లండి. హీరోల గొంతులు చేసేవాళ్లని ఎట్లాగూ వింటారు. వాళ్ల మధ్య ఎవరైనా పేరులేని కుర్రాడు వానో, రైలో, సంతో చెయ్యడానికి మైకు పట్టుకుంటే, ఫోన్ పక్కన పెట్టి కళ్లు మూసుకోండి.