జడకు బేరం

ఇటు జరిగి కూర్చోవే అమ్మడూ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. రష్యా వాళ్ళ పల్లెటూరి పెళ్ళి గురించి చెబుతా. అయితే అది జరిగేది రష్యాలో కాదు, అమెరికాలో, ఓరెగాన్ రాష్ట్రంలో, వుడ్‌బర్న్ చుట్టుపక్కల.

వీళ్ళు పాత మతాచారాన్ని వదలని వాళ్ళు. 1650లలో నికాన్ అనే మతపెద్ద పూజా పద్ధతులు మార్చాడు. సిలువ గుర్తు రెండు వేళ్ళతో వేసుకోవాలా, మూడు వేళ్ళతోనా? తగువు అక్కడిదాకా వెళ్ళి, చివరికి జనం ఇల్లూ వాకిలీ వదిలి పోవాల్సొచ్చింది. కొందరు సైబీరియా, చైనా, బ్రెజిల్ తిరిగారు. ఇంకో గుంపు టర్కీలో తలదాచుకుంది. 1960లలో ఓరెగాన్ చేరి బెర్రీ తోటల్లో పనికి కుదిరారు. ఇన్ని దేశాలు మారినా పెళ్ళి తంతు మాత్రం వదల్లేదు.

వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చెయ్యమన్నారు మన పెద్దలు. అక్కడ అబద్ధం సాగదు, వంశాలన్నీ అందరికీ కంఠతా. దూరపు చుట్టరికమైనా అడ్డే, జ్ఞానస్నానపు తల్లిదండ్రుల వైపు వరసైనా అడ్డే. మేనరికాలు చేసుకున్న మనకి వింతగానే ఉంటుంది. చిన్న ఊళ్ళో అందరూ ఏదో వరస అవుతారాయె! అందుకే పిల్ల కోసం అలాస్కా, కెనడా, బ్రెజిల్ దాకా వెతుకుతారు. నువ్వు పక్క జిల్లా సంబంధమంటేనే మూతి ముడుస్తావు. సరే, నీ ఊసెందుకులే.

ఖాయమయ్యాక స్నేహితురాళ్ళు పెళ్ళికూతురింట్లో చేరి, పాటలు పాడుతూ చొక్కాలూ, కానుకలూ కుడతారు. సాయంత్రాలు పెళ్ళికొడుకు తినుబండారాలు పట్టుకుని వస్తాడు.

అసలు సంబరం పిల్లని తీసుకెళ్ళే రోజు. ఆవిడ బల్ల వెనక నేస్తాల మధ్య తల వంచుకుని కూర్చుంటుంది. పుట్టింటి వాళ్ళు జడ పట్టుకుని ఖరీదు అడుగుతారు. మగపెళ్ళివారు బల్ల మీద నాణేలు పెడితే, "ఇంత జడకి ఇదేనా?" అని అవతలివాళ్ళు పెదవి విరుస్తారు. ఇంకాసిని డబ్బులు పడతాయి, ఇంట్లో పులియబెట్టిన బెర్రీ సారా గ్లాసులు కదులుతాయి. మన ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పించినట్టే. ఎలాగూ తెగే బేరమని తెలిసీ, పెద్దవాళ్ళు కూడా గొంతు పోయేలా వాదిస్తారు. నాకు అదే ముద్దొస్తుంది.

పెళ్ళయ్యాక ఆ ఒంటి జడ విప్పి రెండు జడలు వేస్తారు. పైన షష్మూరా అనే టోపీ, దాని మీద రుమాలు. ఇక జీవితాంతం నలుగురిలో జుట్టు కనబడనివ్వకూడదు. కొత్త జంట వంగి దణ్ణం పెడుతుంటే, చుట్టాలు కానుకతో పాటు తలా ఓ బుద్ధి చెబుతారు. ఉచిత సలహాలకు ఏ దేశంలోనూ కరువు లేదు.

ఇవన్నీ పెద్ద ఉపవాసాల్లో పెట్టుకోరు. బుధ, శుక్రవారాల్లోనూ మాంసం, పాలు, వెన్న ముట్టరు కదా. అందుకే ఆదివారం పెళ్ళయితే విందు ఎంత జోరుగా సాగినా మంగళవారం రాత్రికి ముగించాల్సిందే.