రసీదు లేని కమాయి

పోయిన నెల కువైట్ నుంచి మా భాంజా ఫోన్ చేశాడు. మొదటి జీతం చేతికొచ్చిందట. "మామూ, అమ్మీ ఖాతాలో వేయాలి. ఇక్కడ బజార్‌లో నాలుగు ఎక్స్‌ఛేంజీలున్నాయి, ఫోన్‌లో రెండు యాప్‌లున్నాయి. ఏది సస్తా?" అనడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా ఇంట్లో ఈ సవాల్‌కు నలభై ఏళ్ల పైబడిన కహానీ ఉంది. దాని వెనక ఇంకో వెయ్యేళ్ల తారీఖ్ ఉంది.

పైసలు మోసుకెళ్లకుండా పైసలు పంపడం కొత్త హునర్ కాదు. అబ్బాసీల జమానాలో తాజిర్లు సుఫ్తజా అనే కాగితం వాడేవారు. ఒక షహర్‌లో సొమ్ము అప్పగించి, ఆ కాగితం చూపించి ఇంకో షహర్‌లో తీసుకోవడం. దారిలో దొంగల ఖౌఫ్ లేదు. అయితే షరతు పెట్టి ఇలా చేయడాన్ని హనఫీ ఫుఖహా మక్రూహ్ అన్నారు. అప్పిచ్చినవాడు దారి ఖత్రా తప్పించుకుంటున్నాడు కదా, అదీ అప్పు మీద పొందే ఫాయిదాయే అని వాళ్ల దలీల్. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు హైరత్ వేసింది. రుసుము ఒక్క దిర్హమ్ కూడా కనిపించని చోట లాభం ఎక్కడ దాక్కుందో వాళ్లు వెతికి పట్టుకున్నారు.

హవాలా కూడా ఫిఖ్‌లో చెడ్డ మాటేమీ కాదు. నేను తీర్చాల్సిన ఖర్జ్‌ను ఇంకొకరి జిమ్మాకు మార్చడం, అంతే. మన బజార్లలో దానికి బంధువు హుండీ. గుడిలో హుండీ కాదు, కాగితం హుండీ. హైదరాబాద్ బేగం బజార్ సాహుకార్ల దగ్గర అది నడిచేది. నిజాం రియాసత్‌లో ఇంకో చిక్కుండేది. లోపల హాలీ సిక్కా, బయట అంగ్రేజీ కల్దార్. నూరు కల్దార్ రూపాయలకు దాదాపు 116 హాలీ రూపాయలు. అంటే సరిహద్దు దాటి పైసలు పంపేవాడు మారకం లెక్క కూడా చూసుకోవాల్సిందే.

పోస్టాఫీసు మనీయార్డర్ 1880లో మొదలైంది. మా చిన్నప్పుడు ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమీషన్, అంటే నూటికి ఐదు. మహంగానే. కానీ ఎంత పోతుందో ముందే తెలిసేది. ఇంటికి తెచ్చిచ్చిన పోస్ట్‌మన్‌కు చాయ్ పైసలు వేరే.

మా అబ్బా 1978లో రాయచోటి నుంచి కువైట్ వెళ్లారు. ఆయనకన్నా ఇరవై ఏళ్లు ముందు వెళ్లినవాళ్లకు మారకం బాధే లేదు. 1961లో సొంత దినార్ వచ్చేదాకా కువైట్‌లో చలామణి అయింది మన రూపాయే. అబ్బా కాలానికి డ్రాఫ్ట్‌లొచ్చాయి. రిజిస్టర్డ్ కవర్‌లో డ్రాఫ్ట్, దానితో ఒక ఖత్. అది చేరడానికి రెండు వారాలు, బ్యాంకులో పైసలుగా మారడానికి ఇంకో రెండు మూడు వారాలు. ఈలోగా కిరాణా దుకాణంలో ఉధార్. అసలు చిక్కు ఏంటంటే అమ్మీకి ఖాతా లేదు. ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారు ఎవరో ఒకరు పరిచయ సంతకం పెట్టాలి. పర్దాలో ఉండే ఆడమనిషి బ్యాంకు మెట్లెక్కడం ఆ రోజుల్లో మా ఖాన్‌దాన్‌కు నచ్చే పని కాదు. అందుకని డ్రాఫ్ట్ చాచా పేరు మీద వచ్చేది.

తర్వాత అబ్బా కూడా చాలామందిలాగే హవాలాకు మారారు. అక్కడ దినార్లిస్తే మూడో రోజు ఇక్కడ ఎవరో ఒకాయన న్యూస్‌పేపర్‌లో చుట్టిన నోట్లు తెచ్చి చాచాకిచ్చేవాడు. ఫీజు లేదు, పైగా బ్యాంకు కన్నా రేటు ఎక్కువ. ఎందుకు ఎక్కువ? సర్కారు రూపాయి రేటును తన చేతిలో కట్టిపెట్టింది, బంగారం దిగుమతిని బిగించింది. దొంగ బంగారం తెచ్చేవాళ్లకు బయటి కరెన్సీ కావాలి, మన మజ్దూర్ల చేతిలో అది ఉంది. 1992లో ప్రవాసులు బంగారం తెచ్చుకోవడానికి ఇజాజత్ వచ్చింది, 1993లో రూపాయి రేటును మార్కెట్‌కు వదిలారు. దాంతో ఆ తేడా చాలా తగ్గింది. కానీ ఆదత్ పోలేదు. ఫెరా చట్టంలోనూ, దాని తర్వాత వచ్చిన ఫెమాలోనూ ఈ దారి చట్టవిరుద్ధమే అన్న సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

అబ్బా 2004లో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన పైసలతో కొన్న జాగా, కట్టిన ఇల్లు చాచా పేరు మీద ఉన్నాయి. చాచా కొడుకులు "ఇది మా అబ్బా కమాయి" అన్నారు. మా దగ్గర ఏముంది చూపించడానికి? తొలి రోజుల డ్రాఫ్ట్ కవర్లు కొన్ని. పదిహేనేళ్ల హవాలాకు ఒక్క రసీదు లేదు. ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరా 282, అప్పును రాసిపెట్టుకోమని, గవాహీ ఉంచుకోమని చెప్పేదే. మేం దాన్ని తిలావత్ చేశాం, అమల్ చేయలేదు. పెద్దలు కూర్చుని సగం ఇల్లు ఇప్పించారు. అమ్మీ ఆ సగంలో ఉండనంది, అద్దె ఇంట్లోకి మారింది. చాచా మీద ఇప్పుడు నాకు గుస్సా లేదు. ఆయన కూడా ఏదీ రాసుకోలేదు.

అందుకే భాంజాకు ఫీజు అడగొద్దన్నాను. "వంద దినార్లిస్తే అమ్మీ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి? ఇదొక్కటే అందరినీ అడుగు, ఒకే గంటలో అడుగు" అన్నాను. ఫీజు లేదని బోర్డు పెట్టినవాడు దినార్‌కు రెండు రూపాయలు తక్కువిస్తే వంద దినార్లకు రెండొందలు పోయినట్టే. ప్రతి నెలా కొంచెం కొంచెం పంపితే ఫీజు ప్రతిసారీ పడుతుంది, అది కూడా చూసుకోమన్నాను. తన పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవమన్నాను. దాని మీద వచ్చే వడ్డీ సంగతి వేరే బహస్. ఆ ఖాతా నుంచి ఇక్కడి ఖాతాకు మార్చడానికి ఖర్చేమీ లేదు. 2020 జనవరి నుంచి సేవింగ్స్ ఖాతాల్లో ఆన్‌లైన్ నెఫ్ట్‌కు రుసుము తీసుకోవద్దని రిజర్వ్ బ్యాంకు హుకుం ఉంది. రసీదు మాత్రం పారేయొద్దన్నాను.

వాడు తిరిగి చూశాడు. ఫీజు తీసుకునే దుకాణంలోనే చివరికి ఎక్కువ రూపాయలొచ్చాయి. అరగంటలో ఖాతాలో పడ్డాయి. ఫోన్‌లో మెసేజ్ వచ్చినా మా ఆపాకు తసల్లీ కాలేదు. మర్నాడు తనే బ్యాంకుకెళ్లి, లైన్‌లో నిలబడి, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుని ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపింది. కొడుకు పేరు అందులో సగమే పడింది.