టమాటాలో మందుల అవశేషాలు: రామన్ కాంతి పరీక్ష ఎంతవరకు పనికొస్తుంది?

కలకడ, గుర్రంకొండ, మదనపల్లె వైపు టమాటా కోతకొచ్చిందంటే మూడు నాలుగు రోజులకొకసారి కాయ తెంపుతూనే ఉండాలి. మధ్యలో టూటా పురుగు కనిపిస్తే మందు కొట్టక తప్పదు. ఆ మందు కాయలో ఎంత మిగిలిందన్నదే చిక్కు. ప్రత్యేక పరిమితి నిర్ణయించని మందుకు మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే టన్ను కాయల్లో 10 మిల్లీగ్రాములు మాత్రమే. కంటికీ ముక్కుకూ అందేది కాదు.

ఇంత సూక్ష్మ పరిమాణాన్ని పట్టే పద్ధతుల్లో ఒకటి 'ఉపరితల వర్ధిత రామన్ వర్ణపటం'. పేరు చూసి బెదరకండి, దీని మూలం 1928లో సర్ సి.వి. రామన్ కనిపెట్టిన విషయమే. పదార్థం మీద ఒకే రంగు కాంతి పడితే చెదిరే వెలుగులో అతి కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పు ఒక్కో రసాయనానికి ఒక్కో తీరు, మన వేలిముద్ర మాదిరి. కానీ ఆ వెలుగు చాలా బలహీనం. గరుకు వెండికి అంటిన అణువుల నుంచి అది లక్షల రెట్లు పెరుగుతుందని 1970లలో తేలింది. అందుకే కాయ తొక్కను ద్రావకంతో తుడిచి, ఆ చుక్కను వెండి లేదా బంగారు నానో రేణువులున్న పట్టీపై వేసి లేజర్ చూపిస్తారు. నిమిషాల్లో ఫలితం వస్తుంది.

అయితే అన్ని మందులనూ ఇది ఒకేలా పట్టదు. గంధకం ఉన్న థైరామ్ వెండిని గట్టిగా పట్టుకుంటుంది, సులువుగా దొరుకుతుంది. వెండికి అంటని మందు తప్పించుకోవచ్చు. రెండు మూడు మందులు కలిపి కొట్టిన కాయలో ముద్రలు ఒకదానిపై ఒకటి పడతాయి. తుడిచి తీసిన నమూనాలో కాయ లోపలికి ఇంకిన అంతర్వాహిక మందు రాదు. కాబట్టి యంత్రం 'ఏమీ లేదు' అన్నంత మాత్రాన సరుకు శుభ్రమని రాసుకోకండి. 'ఉంది' అంటే, లోడు పారబోసే ముందు క్రోమటోగ్రఫీ ఉన్న గుర్తింపు పొందిన ల్యాబులో నిర్ధారించుకోండి. నమూనాగా తోటలో నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ కనీసం పది కాయలు, కిలోకు తగ్గకుండా తీయండి. కడగవద్దు.

నా అనుభవంలో అవశేషాలు ఎక్కువగా వచ్చేది కోత ముందురోజు సాయంత్రం కొట్టిన మందుతోనే. కాయ తెంపాకే పిచికారీ చేయండి. కోతల మధ్య మూడు రోజులే ఉంటే, ఐదు రోజులు ఆగాల్సిన ఇండాక్సాకార్బ్ కుదరదు. మూడు రోజుల క్లోరాంట్రానిలిప్రోల్ కుదురుతుంది. ఏదైనా డబ్బా మీది లేబులు చూసే వాడండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం 2005 నుంచే నిషేధం, ఎవరిచ్చినా తీసుకోవద్దు. కొట్టిన తేదీ, మందు పేరు, మోతాదు నోటుబుక్కులో రాసి, బిల్లు దానికే పిన్ను చేసి ఉంచండి. ల్యాబుకు వెళ్ళినప్పుడు ఏ మందు కోసం వెతకాలో వాళ్ళు మొదట అడిగేది అదే.