ఫస్ట్ ర్యాంకు సరే, మన మిల్లు లెక్క ఎవరు తీశారు?

ఈ ఎపిసోడ్ ఒక లెక్క గురించి.

జడ్చర్లలో ఒకాయన చిన్న పల్లి నూనె మిల్లు పెట్టాడు అనుకుందాం. కరెంటు కనెక్షన్, ఫుడ్ లైసెన్సు, కాలుష్య మండలి అనుమతి, జీఎస్టీ రిటర్నులు... కట్టిన ఫీజుకు రసీదు ఉంటుంది. ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజులకు రసీదు ఉంటుందా? ఉండదు. మరి ఆ భారాన్ని కొలిచేది ఎట్లా?

దీనికి ఒక పద్ధతి నెదర్లాండ్స్‌లో తయారైంది. చాలా సింపుల్. ఒక పనికి ఎన్ని గంటలు, గంట ఖరీదెంత, ఏడాదికి ఎన్నిసార్లు, అట్లాంటి వ్యాపారాలు ఎన్ని? ఇవన్నీ గుణించాలి. మన మిల్లునే తీసుకుందాం. ఒక రిటర్నుకు 3 గంటలు, గంటకు 200 రూపాయలు, ఏడాదికి 12 సార్లు. 7,200 రూపాయలు. అట్లాంటి మిల్లులు వంద ఉంటే 7,20,000. డచ్ వాళ్లు దేశం మొత్తానికి ఇట్లా లెక్క కడితే 1,640 కోట్ల యూరోలు తేలింది. 2007 కల్లా అందులో నాలుగో వంతు తగ్గించాలని టార్గెట్ పెట్టుకున్నారు.

ప్రపంచ బ్యాంకు ఇంకో దారి పట్టింది. దేశాలకు ర్యాంకులు ఇచ్చింది. 2014లో 142వ ర్యాంకులో ఉన్న మన దేశం 2019లో 63కు ఎక్కింది. కానీ అప్పుడు చూసింది ముంబై, ఢిల్లీ రెండే. మన జడ్చర్ల మిల్లు ఆ లెక్కలోనే లేదు! డేటాలో అవకతవకలు బయటపడి 2021 సెప్టెంబర్‌లో ఆ రిపోర్టునే ఆపేశారు.

ఇక మన రాష్ట్రానికి వద్దాం. 2014లో టీఎస్ ఐపాస్ చట్టం వచ్చింది. అనుమతులన్నీ ఒకే చోట, గడువు లోపల ఇవ్వాలి, ఆలస్యం చేసిన అధికారికి జరిమానా. మంచి మార్పే. సులభతర వ్యాపారంలో కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన ర్యాంకుల్లో 2015లో తెలంగాణ 42.45 శాతంతో 13వ స్థానం. 2016లో 98.78 శాతంతో ఆంధ్రప్రదేశ్‌తో కలిసి ఫస్ట్!

ఇక్కడే అసలు సంగతి. అప్పుడు మార్కులు వేసింది రాష్ట్రాలు సమర్పించిన ఆధారాలు చూసి. మిల్లు నడిపేటాయనను అడిగి కాదు. తర్వాత పద్ధతి మారింది. 2019 ర్యాంకులకు వ్యాపారుల ఫీడ్‌బ్యాకే ఆధారం. 2020 సెప్టెంబర్‌లో ఫలితాలొస్తే తెలంగాణ మూడో స్థానం. రాష్ట్రం వెనకబడిందని దీన్నిబట్టి చెప్పలేం, ఎందుకంటే కొలిచే తీరే మారింది. ఆఫీసును అడిగితే ఒక జవాబు, ఆఫీసు బయట క్యూలో ఉన్నాయనను అడిగితే ఇంకో జవాబు.

రేపు మీలో ఎవరైనా మహబూబ్‌నగర్‌లో షాపో, యూనిటో పెడితే ఒక చిన్న పని చేయండి. ఏ కాగితానికి ఎన్ని గంటలు పోయాయో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మీ గంటలు మీరే రాసుకోకపోతే అవి ఏ ర్యాంకులోనూ కనిపించవు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.