పొడుండబ్బీ మీద పావురాలు

మా తాతగారి రొండిన ఎప్పుడూ ఒక రేకు పొడుండబ్బీ ఉండేది. మూత మీద రెండుసార్లు వేలితో తట్టి, చిటికెడు పొడుం తీసి పీల్చేవారు. ఈమధ్య లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న గిల్బర్ట్ సేకరణ ఛాయాచిత్రాలు చూస్తుంటే ఆ డబ్బీ గుర్తుకు వచ్చింది. ఇవీ పొడుండబ్బీలే. కాకపోతే బంగారువి. మూతల మీద బొమ్మలు కుంచెతో వేసినవి కావు, గాజుతో కూర్చినవి. మన ఇళ్ళలో నేలకు వేసే మొజాయిక్‌కు ఇవి అతిసూక్ష్మ రూపాలన్నమాట.

ఈ విద్య పుట్టినది అలంకారం కోసం కాదు. రోము నగరంలోని సెయింట్ పీటర్స్ చర్చిలో తైలవర్ణ చిత్రాలు చెమ్మకు పాడవుతుంటే, వాటి స్థానంలో మొజాయిక్ ప్రతులను నిలపసాగారు. అందుకై 1727లో వాటికన్ ఒక శిల్పశాలను ఏర్పరచింది. కాలక్రమాన గోడల పని తగ్గింది. ఆ పనివాళ్ళకు మరో బ్రతుకుతెరువు కావలసివచ్చింది. సరిగ్గా అప్పుడే ఐరోపా సంపన్నులు ప్రాచీన రోమును చూడడానికి తరలివస్తున్నారు. వారికి జేబులో పట్టే జ్ఞాపిక కావాలి. 1775లో జాకొమో రఫాయెల్లి తన సూక్ష్మ మొజాయిక్‌లను ప్రదర్శించాడు.

గాజును మంట మీద కరిగించి దారంలా సాగదీస్తారు. ఆ దారాన్ని నూకలకన్న సన్నని ముక్కలుగా తుంచి, పట్టకారుతో ఒక్కొక్కటే తీసి, మెల్లగా ఆరే జిగురు ముద్దలో నిలబెడతారు. సందులలో రంగు మైనం నింపి, పైన నునుపు చేస్తారు. చదరపు అంగుళంలో వెయ్యికి పైగా ముక్కలున్న పలకలున్నాయి!

ఆ మూతలపై తరచు కనిపించేవి పావురాలు. పెర్గమం నగరంలో సోసుస్ కూర్చిన పావురాలను గురించి ప్లినీ వ్రాశాడు: ఒకటి నీరు త్రాగుతుంటే దాని తల నీడ నీటిపై పడుతుందట, తక్కినవి గిన్నె అంచున ఎండ కాగుతుంటాయట. 1737లో తివోలి వద్ద హేడ్రియన్ చక్రవర్తి భవన శిథిలాలలో అటువంటి చిత్రమే బయల్పడింది. నేల మీది ఆ పావురాలు కొన్ని దశాబ్దాలలోనే పొడుండబ్బీ మూత మీదికి ఎగిరివచ్చాయి.

నన్ను కలవరపెట్టినది వేరొకటి. బంగారానికి చట్టముంది కనుక కంసాలి ముద్ర దాని మీద పడింది. గాజుముక్కలకు అటువంటి చట్టం లేదు. రఫాయెల్లి వంటి కొందరు సంతకం చేసుకున్నారు. తక్కిన మూతలలో అనేకం అనామకాలు. కళ్ళు కాయలు కాచేలా ఆ ముక్కలు పేర్చినవాళ్ళు ఎవరు? పీల్చిన పొడుం ఏనాడో గాలిలో కలిసింది. పావురం మాత్రం ఇంకా నీళ్ళు త్రాగుతూనే ఉంది.