రాణిగారి చాక్లెట్ డబ్బా

ఖాళీ అయినా సరే, అందమైన రేకు డబ్బాను అవతల పారేయాలంటే మన ఆడవాళ్ళకు ప్రాణం ఒప్పదు. బిస్కట్లు అయిపోగానే సూదులూ, దారపుండలూ, ఊడిపోయిన గుండీలూ అందులోకి చేరిపోతాయి. మా ఇంట్లో అలాంటివి నాలుగైదున్నాయి. ఈ జబ్బు మనకే ఉందనుకునేదాన్ని. కాదట! నూట పాతికేళ్ళ క్రితం ఇంగ్లండు ఆడవాళ్ళు ఒక చాక్లెట్ డబ్బాను ఇంతకన్నా భద్రంగా దాచుకున్నారు. కొన్ని ఇళ్ళల్లో డబ్బానే కాదు, లోపలి చాక్లెట్టునూ ముట్టుకోలేదు. 2021లో నార్ఫోక్ జిల్లాలోని ఆక్స్‌బరో హాల్ అనే పాతకాలపు మేడలో, అటక మీద, సైనికుడి టోపీ పెట్టుకునే పెట్టెలో అలాంటి డబ్బా ఒకటి బయటపడింది. 120 ఏళ్ళు దాటినా లోపల చాక్లెట్ అలాగే ఉంది.

ఆ డబ్బా పంపినావిడ సాక్షాత్తూ విక్టోరియా మహారాణి. మూత మీద ఆవిడ బొమ్మ, కొత్త సంవత్సరం శుభంగా ఉండాలని ఆవిడ చేతిరాతలోనే ఒక ముక్క, లోపల అరపౌను చాక్లెట్. 1900 సంవత్సరాది కానుకగా దక్షిణాఫ్రికాలో యుద్ధం చేస్తున్న సైనికులకు ఇలాంటివి లక్షకు పైగా పంపించారు. చాలామంది కుర్రాళ్ళు వాటిని మళ్ళీ తపాలాలో ఇంటికి, అమ్మకో భార్యకో పంపేశారు. చావుబతుకుల మధ్య ఉన్నవాడికి నోరు తీపి చేసుకోవడం కన్నా ఇంట్లోవాళ్ళకు ఒక గుర్తు పంపడమే ముఖ్యమనిపించింది కాబోలు.

ఇంతకీ ఆ యుద్ధమేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. డచ్చి దేశం నుంచి ఎప్పుడో వెళ్ళి దక్షిణాఫ్రికాలో స్థిరపడిన రైతులను బోయర్లంటారు. ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అని వాళ్ళకు రెండు చిన్న రాజ్యాలుండేవి. 1886లో ట్రాన్స్‌వాల్‌లో బంగారం బయటపడింది. బంగారం ఉన్నచోట తగవులకు కొదవేముంది! అక్కడికి చేరిన ఇంగ్లీషువాళ్ళకు ఓటు హక్కు ఇవ్వలేదన్నది పైకి చెప్పిన కారణం. 1899 అక్టోబరు 11న మొదలైన యుద్ధం 1902 మే 31 దాకా సాగింది. ప్రపంచంలోకెల్లా పెద్ద సామ్రాజ్యం ఒకవైపు, గడ్డాల రైతులు ఒకవైపు. ఇది అన్యాయమైన యుద్ధమని ఇంగ్లండులోనే ఎందరో అన్నారు. అన్నవాళ్ళకు 'బోయర్ల పక్షపాతులు' అని పేరు పెట్టారు. అప్పట్లో అది తిట్టు.

1962లో చైనా మన మీదికి వచ్చినప్పుడు మన ఆడవాళ్ళు ఒంటి మీద నగలు తీసి రక్షణ నిధికి ఇచ్చారు. పెద్దవాళ్ళిప్పటికీ చెప్పుకుంటారు. ఆ యుద్ధం మన గుమ్మంలోకి వచ్చింది. ఇవ్వాలా వద్దా అన్న మీమాంసకు చోటే లేదు. కానీ ఎక్కడో ఎవరి నేల కోసమో జరిగే యుద్ధం, అందులోనూ న్యాయమో కాదో తేలని యుద్ధం అయితే? యుద్ధం తప్పనుకున్న తల్లి వెళ్ళిన కొడుక్కి మఫ్లర్ అల్లి పంపాలా, వద్దా? ఆ డబ్బా కథ వెతుక్కుంటూ పోతే నాకు ఎదురైన ప్రశ్న ఇది.

మొదట డబ్బు సంగతి చూడండి. యుద్ధం రాగానే రిజర్వులో ఉన్నవాళ్ళను చేతిలో పని వదిలేసి రమ్మన్నారు. మరి ఇంటిదగ్గర భార్యాపిల్లల గతి? పైగా ఆ రోజుల్లో మామూలు సిపాయి పెళ్ళి చేసుకోవాలంటే పై అధికారి అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేసుకుంటే ఆ పిల్లను సైన్యం భార్యగానే లెక్కపెట్టదు. బస లేదు, భత్యం లేదు. మొగుడు దేశం కోసం ప్రాణాలొడ్డుతుంటే పెళ్ళాం అద్దె కట్టలేక వీధిన పడడమన్నమాట!

ఈ ఆడవాళ్ళ కోసం రడ్యార్డ్ కిప్లింగ్ ఒక పాట రాశాడు. 1899 అక్టోబరు 31న 'డెయిలీ మెయిల్' పత్రికలో వచ్చింది. ఆర్థర్ సల్లివన్ బాణీ కట్టాడు. ఇద్దరూ ప్రతిఫలం తీసుకోలేదు. యుద్ధం న్యాయమా కాదా అన్న ఊసే అందులో ఎత్తలేదు. దేశభక్తి గీతాలు పాడడం అయిందా, ఇక వెళ్ళినవాడి పెళ్ళాం బిడ్డల కోసం జేబులో చెయ్యి పెట్టండి అని అడిగాడు, అంతే. నాటకశాలల్లో ఆ పాట మోగిపోయింది. రుమాళ్ళ మీదా పింగాణీ సామాన్ల మీదా అచ్చేసి అమ్మారు. రెండున్నర లక్షల పౌన్లకు పైగా పోగయింది. ఆ పాట గొప్ప కవిత్వం కాదని విమర్శకులు పెదవి విరిచారు. విరవనివ్వండి. అద్దె కట్టలేని ఇల్లాలికి ఛందస్సుతో ఏం పని?

రాణిగారు కూడా ఊరుకోలేదు. ఎనభై ఏళ్ళ వయసులో, కళ్ళు సరిగా ఆనకపోయినా, ఖాకీరంగు ఊలుతో క్రోషా సూది పట్టుకుని ఎనిమిది మఫ్లర్లు అల్లింది. వాటిని అధికారులకు కాక సాహసం చూపిన మామూలు సిపాయిలకే ఇవ్వాలని పంపింది. యుద్ధం ఆవిడ ఇంటిని కూడా విడిచిపెట్టలేదు. మనవడు క్రిస్టియన్ విక్టర్ 1900 అక్టోబరులో ప్రిటోరియాలో టైఫాయిడ్‌తో పోయాడు. ఆ మాటకొస్తే ఆ యుద్ధంలో చనిపోయిన ఇరవై రెండు వేలమంది బ్రిటిషు సైనికుల్లో సగానికి పైగా గుండు తగిలి పోయినవాళ్ళు కాదు. మంచి నీళ్ళు లేక, జబ్బు చేసి పోయారు.

మళ్ళీ చాక్లెట్ దగ్గరికి వద్దాం. అసలు విడ్డూరం అందులోనే ఉంది.

రాణిగారు ఆ చాక్లెట్ తయారు చెయ్యమని అడిగింది మూడు కంపెనీలను. ఫ్రై, క్యాడ్‌బరీ, రౌన్‌ట్రీ. ఈనాటికీ మన పిల్లలు కొనిపెట్టమని ప్రాణం తీసే క్యాడ్‌బరీయే. ఈ మూడు కుటుంబాలూ క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందినవి. వాళ్ళకు యుద్ధమంటేనే పాపం. కాదందామంటే అడిగింది మహారాణి. సరేనందామంటే మతం ఒప్పదు. చివరికి వాళ్ళొక దారి చూసుకున్నారు. చేసి ఇస్తాం గానీ లాభం తీసుకోం, డబ్బా మీద మా పేరు వెయ్యం అన్నారు. రాణిగారు ఊరుకుంటుందా! నా సైనికులు తినేది మంచి ఇంగ్లీషు చాక్లెట్టని వాళ్ళకు తెలియొద్దూ అంది. ఆఖరికి లోపలి చాక్లెట్ల మీద కొన్నిటికి మాత్రం పేరు వేశారు. డబ్బాలు పేరు లేకుండానే వెళ్ళాయి.

పేరు లేని ఆ డబ్బా నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. యుద్ధానికి నా పేరు ఇవ్వను, కానీ అక్కడ ఆకలితో ఉన్న కుర్రాడికి తీపి ఇస్తాను అనడం సాధ్యమేనా? కొంతమంది అది లౌక్యమన్నారు. నాకలా అనిపించదు. ఇంట్లో పెద్దాయన తప్పుడు వ్యవహారం మీద పిల్లాణ్ణి పొరుగూరు పంపిస్తుంటే, వ్యవహారం నచ్చకపోయినా పిల్లాడికి అన్నం మూట కట్టివ్వమూ? అయితే ఆ మూట కట్టినంత మాత్రాన పెద్దాయనతో వాదించడం మానెయ్యక్కర్లేదు. జార్జి క్యాడ్‌బరీ మానలేదు కూడా. 1901లో ఆయన 'డెయిలీ న్యూస్' పత్రిక కొనడానికి పూనుకున్నాడు. అంతవరకూ యుద్ధాన్ని సమర్థించిన ఆ పత్రిక ఆనాటి నుంచి వ్యతిరేకంగా రాయడం మొదలుపెట్టింది.

కానీ వీధుల్లో జనానికి ఇంత తేడా తెలుస్తుందా? 1900 మార్చిలో, రౌన్‌ట్రీ చాక్లెట్ రణరంగానికి చేరుతున్న రోజుల్లోనే, స్కార్‌బరో పట్నంలో ఆ కుటుంబానికే చెందిన జాషువా రౌన్‌ట్రీ శాంతి కోరే ఒక వక్తను పిలిచాడు. అల్లరిమూక వచ్చి రౌన్‌ట్రీల దుకాణాల మీదా ఇళ్ళ మీదా రాళ్ళు రువ్వి అద్దాలు పగలగొట్టింది. మే నెలలో మఫెకింగ్ పట్నం 217 రోజుల ముట్టడి తర్వాత విడుదలైందని తెలిసిన రాత్రి లండన్ జనం వీధుల్లో ఎంత వెర్రిగా గంతులేశారంటే, అలా గంతులెయ్యడానికి ఆ ఊరి పేరుతోనే ఇంగ్లీషులో ఒక క్రియాపదం పుట్టింది. 1901 డిసెంబరులో లాయిడ్ జార్జి బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడబోతే మూక హాలును చుట్టుముట్టింది. పోలీసు దుస్తులు వేసుకుని దొంగతనంగా బయటపడ్డాడు. పదిహేనేళ్ళకు ఆయనే ఇంగ్లండు ప్రధానమంత్రి అయ్యాడు, అది వేరే కథ.

'మన కుర్రాళ్ళు అక్కడ చస్తుంటే ఇక్కడ యుద్ధం తప్పంటావా?' ఇదీ మూక అడిగిన ప్రశ్న. సైనికుడి మీద ప్రేమను తెచ్చి అడిగేవాడి నోటికి తాళం వేశారు.

ఆ తాళాన్ని లెక్కచెయ్యనిది ఒక ఆడది. ఎమిలీ హాబ్‌హౌస్. పల్లెటూరి చర్చి ఫాదరు కూతురు, పెళ్ళి చేసుకోలేదు, నలభై ఏళ్ళు. 1900 జులైలో తన పుట్టినూరి దగ్గరి లిస్కర్డ్‌లో సభలో మాట్లాడబోతే అరిచి గోలచేసి కూర్చోబెట్టారు. అప్పటికి బోయర్లు దొంగచాటు యుద్ధానికి దిగారు. బ్రిటిషు సైన్యం వాళ్ళ పొలాలూ ఇళ్ళూ తగలబెట్టి, ఆడవాళ్ళనూ పిల్లలనూ గుడారాల శిబిరాల్లోకి తోలింది. హాబ్‌హౌస్ చందాలు పోగుచేసుకుని ఆ డిసెంబరులో ఓడెక్కింది. బ్లూమ్‌ఫాంటేన్ శిబిరంలో ఆవిడ చూసినవాటిలో నన్ను కదిలించింది పెద్ద సంగతి కాదు, సబ్బు. రేషన్ జాబితాలో సబ్బు లేదు! పసిపిల్లలు, జ్వరాలు, విరేచనాలు, గుడ్డలుతుక్కోడానికి సబ్బు లేదు. జాబితా రాసిన మగ అధికారులకు తట్టలేదు. ఆవిడ పోట్లాడి సబ్బు ఇప్పించింది. మొదట్లో మొగుడు ఇంకా యుద్ధంలోనే ఉన్న ఇల్లాలికి రేషనులో కోత కూడా పెట్టారు.

ఆవిడ వచ్చి నివేదిక అచ్చేస్తే, సైన్యాన్ని అవమానించిందని మండిపడ్డారు. పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడు క్యాంబెల్ బానర్‌మన్ ఇవి అనాగరిక పద్ధతులన్నందుకు ఆయన మీదా అదే నింద పడింది. నేను తప్పుపట్టింది ఆజ్ఞ ఇచ్చినవాళ్ళను గానీ సైనికుణ్ణి కాదు మహాప్రభో అని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. ప్రభుత్వం మిలిసెంట్ ఫాసెట్ అధ్యక్షతన అందరూ ఆడవాళ్ళే ఉన్న సంఘాన్ని విచారణకు పంపింది. ఓటు హక్కు ఇవ్వని ఆడవాళ్ళ మీద హఠాత్తుగా ఎంత నమ్మకమో! ఫాసెట్ యుద్ధాన్ని సమర్థించిన మనిషే. అయినా ఆవిడ సంఘం చెప్పినవి చాలావరకు హాబ్‌హౌస్ చెప్పినవే. ఆ తర్వాత శిబిరాలు కాస్త బాగుపడ్డాయి. అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. సుమారు ఇరవై ఆరు వేలమంది బోయర్ ఆడవాళ్ళూ పిల్లలూ పోయారు, అందులో ఎక్కువమంది పిల్లలే. నల్లవాళ్ళకు విడిగా పెట్టిన శిబిరాల్లో పద్నాలుగు వేలమందికి పైగా పోయారు. వాళ్ళ గురించి అప్పుడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1901 అక్టోబరులో హాబ్‌హౌస్ మళ్ళీ వెళితే కేప్‌టౌన్‌లో దిగనివ్వలేదు. బలవంతంగా మోసుకుపోయి వేరే ఓడలో పడేశారు.

ఇక మనవాళ్ళ సంగతి. యుద్ధంలో చిక్కిన బోయర్ ఖైదీల్లో వేలమందిని మన దేశానికి పంపారు. మన పక్కనున్న బళ్ళారిలోనూ వాళ్ళ శిబిరం ఉండేది. అటు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో, 1860 నుంచి చెరుకు తోటలకు ఒప్పంద కూలీలుగా మద్రాసు రేవు నుంచి వెళ్ళిన మన తెలుగువాళ్ళూ, తమిళులూ ఉన్నారు. గాంధీగారు అక్కడ ప్లీడరు. తన మనసు బోయర్ల వైపే ఉందని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. అయినా బ్రిటిషు పౌరుడిగా హక్కులడుగుతున్నప్పుడు బాధ్యత కూడా మొయ్యాలని, గాయపడినవాళ్ళను మోసే దళాన్ని కూడగట్టారు. దాదాపు 1,100 మంది. అందులో సుమారు 800 మంది తోటల్లోంచి వచ్చిన ఒప్పంద కూలీలే. 1900 జనవరిలో స్పియాన్ కాప్ కొండ మీద వందలమంది బ్రిటిషు సైనికులు చచ్చిన రోజుల్లో, వీళ్ళు గాయపడినవాళ్ళను డోలీల్లో వేసుకుని రోజుకు ఇరవై, పాతిక మైళ్ళు నడిచారు. డర్బనులో మన వర్తకులు గుడ్డ ఇస్తే, మన ఆడవాళ్ళు సైనికుల కోసం దిండు గలీబులూ రుమాళ్ళూ కుట్టిచ్చారు. ఆ గలీబులు కుట్టినవాళ్ళు, దారిలో తెల్లవాడు ఎదురైతే పక్కకు తప్పుకోవలసిన ఇళ్ళవాళ్ళు. గాయపడ్డ కుర్రాడి తల కింద ఆ దిండు చేరేటప్పటికి అతనికిదంతా ఏం తెలుస్తుంది?

పత్రికలు ఆ దళాన్ని తెగ పొగిడాయి. నాయకులుగా ఉన్నవాళ్ళకు యుద్ధ పతకాలిచ్చారు. 1920లో గాంధీగారు తన పతకాలు వైస్రాయికి తిప్పి పంపేశారు. డోలీలు మోసిన కూలీలకు పతకాలు రాలేదు. ఆరు వారాల తర్వాత దళం రద్దయింది, వాళ్ళు మళ్ళీ తోటలకు వెళ్ళిపోయారు. ఒప్పందం ముగిశాక కూడా నేటాల్‌లో ఉండదలుచుకున్న కూలీ ఏటా మూడు పౌన్ల తలపన్ను కట్టాలని 1895లో చేసిన చట్టం ఒకటుంది. మూడు పౌన్లంటే కొత్త కూలీకి ఆరు నెలల జీతం. ఆ పన్ను యుద్ధం అయిపోయాక ఇంకో పన్నెండేళ్ళు, 1914 దాకా ఉంది.